మడతాయన పచ్చ పత్రిక

తెల్లారకముందే నాలుగు వందల పత్రిక కాపీలు మడిచాడు మడతాయన. కాగితాన్ని సగానికి వంచడం, అరచేత్తో గట్టిగా రుద్దడం, మళ్లీ వంచడం. పదకొండేళ్లుగా ఇదే పని. గోళ్ల సందుల్లో చేరిన సిరా ఏ సబ్బుకూ లొంగలేదు. కుడి అరచెయ్యి చెప్పు అడుగులా మొద్దుబారింది. అసలు పేరుతో పిలిచే ఒకే ఒక్క మనిషి, ఆయన భార్య, రెండేళ్ల క్రితం పోయింది.

చదువు అంతంతమాత్రం. పేజీల అంకెలు సరిచూసుకుంటాడు, అంతే. అయినా పత్రికంటే ప్రాణం. ఒకసారి క్షవరం చేస్తూ మంగలి, "ఓహో, ఆ పచ్చ పత్రికలోనా నువ్వు చేసేది!" అన్నాడు. ఆ మాట ఆయనకు తెగ నచ్చింది. పచ్చగా ఉండమని పెద్దలు దీవిస్తారు కదా, అలాంటిదే అనుకున్నాడు. అప్పట్నుంచి ఎవరడిగినా "మాది పచ్చ పత్రికండీ" అనేవాడు. విన్నవాళ్లు నవ్వేవారు. గౌరవం కాబోలనుకుని తనూ నవ్వేవాడు.

ఇంతలో ఒక కాగితం తిరగబడి చేతికొచ్చింది. మూడో పేజీలో ఫొటో. తన పై వాటాలో ఉండే నర్సు. భార్య మంచాన పడ్డ ఆరు నెలలూ డ్యూటీ దిగి నేరుగా వచ్చి, పుండ్లు కడిగి కట్లు కట్టిన పిల్ల. పైనున్న పెద్దక్షరాలు కూడబలుక్కున్నాడు. "ఆదివారం వార్డులో రోగి మృతి. నర్సు పనేనా?"

చేతులు తుడుచుకుంటూ ఎడిటర్ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అయ్యా, ఆదివారం ఆ పిల్లకి డ్యూటీయే లేదండీ. ఇంట్లోనే ఉంది. నా బీపీ కూడా చూసింది."

"ఉందని మేం అన్నామా?" ఎడిటర్ పెన్నుతో చూపించాడు. "చివర్న ప్రశ్న గుర్తు లేదూ? అడిగాం, అంతే."

"మరి అడగాలంటే... ఆ పిల్లనే అడగొచ్చు కదండీ."

"కట్టలకి బళ్లొచ్చే టైమైంది. వెళ్లు."

వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు? మడత ప్రతిసారీ సరిగ్గా ఆమె మొహం మీదే పడుతోంది. కాస్త పక్కకు మడిచి చూశాడు. అంచులు కలవలేదు. విప్పి, ఎప్పటిలాగే మడిచాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాకిట్లో బండి ఉంది. నర్సు పరుపుచుట్ట ఎక్కిస్తోంది. ఆసుపత్రి వాళ్లు రావద్దన్నారట. ఇంటాయన సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నాడట.

"పొరపాటున పడుంటుందమ్మా. మాది పచ్చ పత్రిక, అలాంటివి..."

తాడు ముడేస్తున్న ఆమె ఆగింది. "ఆ మాటకి అర్థం తెలుసా బాబాయ్?"

"పచ్చగా ఉండాలనీ..."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారే, ఆ పచ్చ. లేనిపోనివి రాసే పత్రికనే అలా అంటారు." కోపం లేదు ఆ గొంతులో. మందు మోతాదు చెప్పినట్టే చెప్పింది. "మీరు రాయలేదుగా. వెళ్లొస్తా. బీపీ మాత్ర మానకండి."

'మడిచాను' అందామనుకున్నాడు. పక్కకు జరిగి బండికి దారిచ్చాడు. ఇన్నేళ్లుగా నవ్విన మొహాలన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకొచ్చాయి. బండి మలుపు తిరిగింది.

పై వాటా మెట్ల మీద, కడిగి సుద్ద పూసిన ఆమె తెల్ల డ్యూటీ బూట్లు గోడకు చేరగిలి ఉన్నాయి. వాటి లేసులు విడిగా కిటికీ ఊచకు వేలాడుతున్నాయి, ఇంకా తడి ఆరలేదు.