థర్మాకోల్ మీద సువర్చల

నేను ఒక థర్మాకోల్ పలకను. కొత్త ఫ్రిజ్‌కి దెబ్బ తగలకుండా కాపు కాస్తూ, మియాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కి వచ్చాను. ఫ్రిజ్ వంటింట్లోకి వెళ్లింది. నన్ను చెత్తగది ముందు పడేశారు. అక్కణ్ణుంచి నన్ను చంకన పెట్టుకుని తీసుకెళ్లింది మూడో అంతస్తు తన్మయి. పన్నెండేళ్ల పిల్ల.

ఆ వారం పిల్లలంతా హాలోవీన్ అనే దయ్యాల పండగ కోసం ఉత్తుత్తి సమాధిరాళ్లు చేస్తున్నారు. చావుతో ఆడుకోవడం మనుషులకి ఇంత సరదా అని నాకు అప్పుడే తెలిసింది. తన్మయి కత్తి వేడిచేసి నా తల గుండ్రంగా కోసింది. బూడిదరంగు పూసి, టీ డికాషన్‌తో పాతబడినట్టు మరకలు పెట్టింది. మిగతా రాళ్ల మీద 'లెక్కల పరీక్ష', 'సోమవారం' అని రాసి పిల్లలు పడీ పడీ నవ్వారు. తను మాత్రం పెన్సిల్‌తో గీతలు గీసుకుని, నల్లరంగుతో నెమ్మదిగా రాసింది: 'సువర్చల, 1985–2023.'

అది వాళ్లమ్మ పేరు.

నన్ను గేటు పక్క పచ్చికలో నిలబెట్టారు. నవ్వుకుంటూ వచ్చినవాళ్లు నా దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి తప్పుకునేవారు. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ సెక్రటరీ కోదండపాణి వచ్చాడు.

"ఇదేంటమ్మా, పండగపూట! తీసెయ్."

"అందరివీ ఉన్నాయిగా అంకుల్."

"అవి ఉత్తుత్తివి తల్లీ."

"మా అమ్మకి నిజంది ఎక్కడా లేదుగా. నదిలో కలిపేశారు. నేను ఎక్కడికెళ్లి చూడాలి?"

ఆయన పక్కకెళ్లి తన్మయి నాన్న ఫణీంద్రకి ఫోన్ చేశాడు.

ఫణీంద్ర ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. భార్య పోయినప్పటి నుంచి ఇంట్లో ఆ పేరెత్తని మనిషి. నా మీదున్నది ఒక్క వరసే అయినా చాలాసేపు చదివాడు. తిట్లు తప్పవని తన్మయి తల వంచుకుంది.

"ఎనభై అయిదు కాదు. ఎనభై మూడు," అన్నాడు.

"అమ్మే చెప్పింది నాన్నా."

"అందరికీ అలాగే చెప్పేది. పాస్‌పోర్టు కాగితాల్లో నేను చూసేశానని రెండ్రోజులు మాట్లాడలేదు నాతో."

నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. ఆఫీసు సంచీతోనే పచ్చికలో కూలబడ్డాడు. తన్మయి వెళ్లి ఆనుకుని కూర్చుంది.

"దిద్దనా?"

"వద్దు. తనకి నచ్చినట్టే ఉండనీ."

మర్నాడు మిగతా రాళ్లన్నీ చెత్తబండి ఎక్కాయి. నన్ను బాల్కనీలో గోడకి ఆనించారు. ఎండకి పెళుసెక్కి పూసలు పూసలుగా రాలుతున్నాను. ఫణీంద్ర పొద్దున్నే కాఫీ తెచ్చుకుని నా ఎదుట కూర్చుంటాడు. కూతురికి వాళ్లమ్మ గురించి ఏదో ఒకటి చెబుతాడు. ఆయన వెళ్లాక, రాలిన నా పూసల్ని తన్మయి చేత్తోనే ఊడ్చి తీస్తుంది. పారబొయ్యదు. ఒక స్టీలు డబ్బాలో పోసి, గాలికి ఎగరకుండా మూత గట్టిగా నొక్కి పెడుతుంది.