టోపీలో ఎనిమిదో పుల్ల

లేదమ్మా లొరెట్టా, ఆ పెట్టె మూత వెయ్యకు. బెల్టు నాకు కనబడేలా అక్కడే ఉండనీ. దాన్ని చూస్తూ చెప్తాను, నువ్వు రాయి. మెల్లగా చెప్తున్నానని విసుక్కోకు. ఈ దవడ ఎన్ని దెబ్బలు తిన్నదో నీకు తెలుసు కదా.

నిన్న పొద్దున పోస్టులో వచ్చింది ఇది. నెవార్క్ నుంచి అమోస్ గ్రీర్ పంపాడు. కూతురి చేత రాయించిన చీటీ కూడా పెట్టాడు. నువ్వే చదివిపెట్టావు. "లియాండర్, నలభై ఏళ్లు దీన్ని నా ఇంట్లో ఉంచుకున్నాను. జనమంతా నీదే అన్నారు. ముగ్గురిలో ఒక జడ్జి కూడా నీకే రాశాడు. నాకు చూపు పోయింది, గుండె కూడా ఎంతోకాలం ఆడదంటున్నారు. నీ వస్తువు నీకు చేరితే నిశ్చింతగా పోతాను."

అంటే ఆ మనిషి, తను దొంగనని నమ్ముతూనే పోబోతున్నాడు. కాదని చెప్పడానికి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే రాయమంటున్నాను.

ఆ రోజుల్లో న్యూయార్క్ బాక్సింగ్‌లో రౌండుకొక లెక్క. ఏ రౌండు ఎవరు గెలిచారో ఇద్దరు జడ్జీలూ, రెఫరీ ఎవరి చీటీ మీద వాళ్లు రాసుకునేవాళ్లు. హెవీవెయిట్ టైటిల్ అంటే పదిహేను రౌండ్లు. ఎనిమిది గెలిస్తే టైటిల్, దాంతోపాటు ఈ బెల్టూ మనవే.

రింగులో నా మూలలో ఉండి, రౌండుకీ రౌండుకీ మధ్య నన్ను చూసుకున్నది మీ నాయనమ్మ తమ్ముడు ఎజెల్. గాయాలు కట్టడంలో వాడికి సాటి లేడు. కాగితం మీద లెక్క మాత్రం వాడికి పడదు. అందుకని మేం గెలిచిన ప్రతి రౌండుకీ ఒక దూదిపుల్ల తీసి టోపీ అంచులో గుచ్చుకునేవాడు. పొడిపుల్ల. మందులో ముంచిన పుల్లలేమో పళ్ల మధ్య పట్టుకునేవాడు. ఫిలడెల్ఫియాలో మా వాళ్లందరికీ తెలుసు ఆ అలవాటు. ఎజెల్ టోపీ చూస్తే చాలు, ఆట ఎలా ఉందో చెప్పేసేవాళ్లు.

అమోస్‌తో ఆ టైటిల్ ఆటలో, పదకొండో రౌండున ఆయన నా కనుబొమ్మ చీల్చాడు. ఒకటే రక్తం. ఎజెల్ ఒక పుల్లతో అదిమి ఆపాడు. రెండోది పళ్ల మధ్యే ఉంది. ఇంతలో నేను లేవకుండా కూర్చున్నానని వాడికి కోపం వచ్చింది.

"లే బావా లే! మా అక్క కూర వండి పిలిచిందనుకున్నావా, అలా కూర్చున్నావు?"

అరవడానికి నోరు కావాలి కదా. నోట్లో పుల్ల తీశాడు. తీసింది ఎక్కడ పెట్టాడో వాడికే తెలీదు.

పదమూడో రౌండు అయింది. స్టూలు మీద కూర్చున్నాను. ఎజెల్ టోపీ తీసి నా ముక్కు ముందు పెట్టాడు.

"లెక్కపెట్టుకో బావా. ఎనిమిది. అయిపోయింది, గెలిచేశావు. ఇక వాడికి అందకు. పరిగెత్తు, అంతే."

పరిగెత్తాను. తాళ్ల వెంబడి తిరుగుతూనే ఉన్నాను. పదిహేనో రౌండులో అమోస్ నన్ను పట్టుకుని చెవిలో అన్నాడు, "ఏంటయ్యా ఇది? చెయ్యి విరిగిందా? నిలబడి కొట్టు. నన్నిలా గెలిపించకు." నేను నవ్వుకున్నాను. అప్పటికే నా తలమీద కిరీటం ఉందనుకుంటున్నాను మరి.

చీటీలు చదివారు. ఒక జడ్జి, ఎనిమిది నాకు, ఏడు అమోస్‌కి. రెండో జడ్జి, ఎనిమిది అమోస్‌కి, ఏడు నాకు. రెఫరీదీ అంతే. హాలు హాలంతా లేచి అరిచింది. టోపీలు, కాగితాలు, సగం తిన్న వేరుశనగ పొట్లాలు రింగులోకి వచ్చిపడ్డాయి. అమోస్ నడుమున బెల్టు కడుతుంటే పదిహేను వేల గొంతులు దొంగ, దొంగ అన్నాయి.

లోపల గదిలో నేను ఏడుస్తున్నాను. ఎజెల్ టోపీ తీసి, పుల్లలు ఒక్కొక్కటే పీకి బల్లమీద పరుస్తున్నాడు. ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. వాసన చూశాడు. నా ముక్కు దగ్గర పెట్టాడు. మందు వాసన. దూది ఇంకా తడిగానే ఉంది.

"బావా, ఇది రౌండు కాదు. ఇది నీ కనుబొమ్మకి తీసిన పుల్ల."

ఏడే గెలిచాం. పదకొండోది మాది కాదని ఇద్దరికీ తెలుసు. నాకు రాసిన జడ్జి ఆ రౌండు కూడా నాకే ఇచ్చాడు, ఆయన దయ. మిగతా ఇద్దరూ సరిగ్గా చూశారు. చివరి రెండు రౌండ్లూ మేం చేతులారా వదిలేశాం, అమోస్ కష్టపడి తీసుకున్నాడు.

బయట పేపరువాళ్లు తలుపు బాదుతున్నారు. "లియాండర్! నిన్ను దోచుకున్నారంటావా?"

ఎజెల్ నా కాళ్లు పట్టుకున్నాడు. "చెప్పకు బావా. ఇక నన్నెవడూ తన మూలలో నిలబెట్టుకోడు."

తలుపు తీసి, "మీరే చూశారుగా," అన్నాను. ఆ ఒక్క మాటే. నలభై ఏళ్లు దానిమీదే బతికాను.

మంగలి నా దగ్గర డబ్బులు పుచ్చుకోలేదు. చర్చిలో ఆడవాళ్లు నాకని చిలగడదుంపల తీపిరొట్టె తీసి పక్కన పెట్టేవాళ్లు. "అసలు ఛాంపియన్ వచ్చాడు, లేచి చోటివ్వండ్రా!" అనేవాళ్లు. అది తిన్నానమ్మా. తియ్యగానే ఉండేది. అటు అమోస్‌ని మాత్రం తన సొంత వీధిలోనే పిల్లలు వెక్కిరించేవాళ్లట. ఎవరు అడిగినా ఆయన ఒకటే చెప్పాడు, "లియాండర్ గొప్పగా ఆడాడు." నా మీద పొల్లుమాట అనలేదు.

మీ నాయనమ్మ పోయినప్పుడు వచ్చాడు. చర్చిలో వెనకబల్ల దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో, "చూడు చూడు, బెల్టు దొంగ," అన్నారు. నేను విన్నాను. తల తిప్పలేదు. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నీ భార్య నాక్కూడా ఒకసారి అన్నం పెట్టింది, మంచి మనిషి," అని వెళ్లిపోయాడు.

ఎజెల్ పోయి మూడేళ్లయింది. వాడికిచ్చిన మాట వాడితోనే పోయిందనుకుంటాను. పోకపోయినా ఇక నిలుపుకోను.

అమోస్, ఇక్కణ్ణించి నీకే చెప్తున్నాను. బెల్టు నీది. ఆ రోజు కూడా నీదే. చివరి రౌండులో నిలబడి కొట్టమని అడిగావే, నన్ను అంత మర్యాదగా చూసిన మనిషి రింగులో మరొకడు లేడు. నీతో పదమూడు రౌండ్లు నిజంగా ఆడాను. నా బతుకులో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదే, అది నీ వల్లే దక్కింది. నువ్వు ఎదురుగా ఉండబట్టే నేనంత ఆడగలిగాను. నన్ను క్షమిస్తావో లేదో నీ ఇష్టం. నేను మాత్రం నీకు రుణపడి ఉన్నాను.

చాలమ్మా. ఇదిగో, ఆ తడిపుల్ల కూడా ఈ అగ్గిపెట్టెలో ఉంది. దూది ఎండి గట్టిపడింది. ఎజెల్ పారేయబోతే నేనే దాచాను. బెల్టుతోపాటు పెట్టు. శనివారం పొద్దున బండికి నువ్వే నెవార్క్ వెళ్లు. బెల్టు ఆయన ఒళ్లో పెట్టి, అగ్గిపెట్టె చేతికిచ్చి, అప్పుడు చదువు. ఆయనకి ఎడమచెవి వినబడదు, నా చెయ్యి పడ్డదే అది. కుడివైపు కూర్చుని, నాలాగే మెల్లగా చదివి వినిపించు.