ముడేసిన ఆకు

శనివారం పొద్దున ఆ ఇంట్లో కొబ్బరి తురిమే చప్పుడుకే అందరికీ మెలకువ వస్తుంది. అమ్మ తురుమును గోరువెచ్చటి నీళ్ళలో పిసికి, పల్చటి గుడ్డలో వేసి పిండుతుంది. వంటింటి కిటికీలో పాండన్ మొక్క కుండీ ఉంది. మొగలి ఆకులా పొడుగ్గా ఉంటుంది కానీ ముళ్ళుండవు. తుంచితే కొత్త బియ్యం ఉడుకుతున్న వాసన. కొన్ని ఆకులు రుబ్బి పసరు తీస్తుంది. ఒక్క ఆకును మాత్రం ముడేసి కొబ్బరిపాలలో పడేసి, సన్నటి సెగ మీద పెట్టి, పాలు విరిగిపోకుండా కాపలా నిలబడుతుంది. తర్వాత బియ్యప్పిండి, పంచదార, చిటికెడు ఉప్పు. తెల్ల పొర ఆవిరికి ఉడికాక దాని మీద పసరు కలిపిన పచ్చ పొర, మళ్ళీ తెల్లది; చల్లారాక ముక్కలు కోస్తుంది.

ముడేసేటప్పుడు మాత్రం నోరు బిగించుకుంటుంది. అప్పుడు ఏ మాటంటే ఆ మాట ఆకులో ఉండిపోయి, మొదటి ముక్క తిన్నవాళ్ళ నోట్లోంచి బయటికొస్తుంది. ఒకసారి నాన్న ఆఫీసు మీద విసుక్కుంటూ ముడేశాడు. ఆ వేళ మొదటి ముక్క చంటివాడిది. అప్పటిదాకా 'అత్త', 'తాత' తప్ప ఏమీ పలకనివాడు "మా మేనేజరుకి బుర్ర లేదు" అన్నాడు. వాడి మొదటి పూర్తి వాక్యం అదే.

ఈ శనివారం చంటివాడి అక్క చదివే బడి నుంచి టీచరు వస్తోంది. ఆ పిల్లను ఇంట్లో పిట్ట అంటారు, వసపిట్టకి పొట్టి పేరు. ఇంట్లో ఒక్క నిమిషం నోరు మూయదు. టీవీలో వచ్చే ప్రకటనలన్నీ ఈ ఊరి భాషలోనే గడగడా అప్పజెబుతుంది. బడిలో మాత్రం నోరు విప్పదు. హాజరు పిలిస్తే పలకదు, గోడకేసి చూస్తుంది. ఇలాంటి పిల్లల కోసం ఊరికి ఆ చివర వేరే బడి ఉందట. చీకటితో బస్సెక్కాలి. పిట్టను అక్కడికి పంపాలా వద్దా అన్నది టీచరు ఇవాళ తేలుస్తుంది.

అమ్మ డాక్టరుకి పిల్ల చెవులు చూపించింది, గొంతు చూపించింది. ఈ దేశానికి తీసుకొచ్చి తప్పు చేశామేమోనని నాన్న బుర్ర తినేసింది. "పిలిస్తే ఎందుకు పలకవే?" అని అడిగితే పిట్ట ఒకటే మాట: "నన్ను పిలవందే ఎలా పలుకుతాను?" టీచర్ని అడిగితే రోజూ పిలుస్తున్నానంది. అమ్మ పిల్లను కూర్చోబెట్టి, అబద్ధమాడితే కళ్ళు పోతాయని గట్టిగానే చెప్పింది.

"నువ్వే ఏదో ఒకటి అని ముడెయ్యి," అన్నాడు నాన్న, కొబ్బరి చిప్ప గీరుతూ. "మొదటి ముక్క దానికి పెడదాం. 'నమస్తే టీచర్' అన్నా చాలు."

"సోమవారం సంగతేంటి? రోజూ డబ్బాలో పెట్టి పంపనా? అయినా అది దాని మాట కాదు కదండీ."

"అయితే నీ ఇష్టం. నేను ముడేస్తే ఏమవుతుందో తెలుసుగా."

అమ్మకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆకు తీసుకుంది. అంతలో చంటివాడు మంచం మీంచి దొర్లాడు. వాణ్ణి ఎత్తుకుని సముదాయించి వచ్చేసరికి పిట్ట పీట ఎక్కి ఆకు ముడేస్తోంది. పెదవులు కదులుతున్నాయి. చాలాసేపే కదిలాయి.

"ఏమన్నావే?"

"టీచర్‌కి చెప్పాల్సింది."

"అదే, ఏమిటి?"

"నీకు చెప్పేస్తే ఆకులో ఏం మిగులుతుంది?"

ఆకు పాలలో పడింది. అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. తీసి పారేసి ఇంకో ఆకు వేస్తే సరిపోతుంది. 'మీరంటే నాకు గిట్టదు' అని ఉంటే? గరిటె పాలలో ముంచింది. పిట్ట ఆపలేదు, ఊరికే చూసింది. అమ్మ పాలు ఒకసారి కలిపి, గరిటె పక్కన పెట్టింది.

టీచరు చెప్పులు బయట విడిచి, వచ్చి కూర్చుంది. మంచావిడే. పిట్టను చూసి నవ్వి, బడిలో పిలిచినట్టే పిలిచింది; ఆ యాసలో అది ఏ పేరో అమ్మకి అంతుపట్టలేదు. పిట్ట గోడకేసి చూసింది. టీచరు నిట్టూర్చింది. అమ్మ కంచంలో మొదటి ముక్క పెట్టి ఇచ్చింది.

టీచరు కొరికింది. బాగుందన్నట్టు తలూపింది. ఆ వెంటనే, తనకి ఒక్క ముక్క కూడా రాని తెలుగులో, గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది:

"మీరు రోజూ మా ఇంటిపేరు పిలుస్తారు. అది నా ఒక్కదానిదే కాదు, అందరిదీ. నాన్న ఆఫీసులో ఉంటాడు, అమ్మా తమ్ముడూ ఇంట్లో ఉంటారు. నేనొక్కదాన్నే లేచి 'ఉన్నాం' అంటే అబద్ధం కదా. కళ్ళు పోతాయి."

టీచరు రుమాలుతో మూతి తుడుచుకుంది. "ఇది నా మాట కాదే. ఏమన్నాను నేను?"

అమ్మకి అప్పుడు వెలిగింది. బడిలో చేర్చిన రోజు పేరడిగితే, అలవాటు కొద్దీ నాన్న ఇంటిపేరు ముందు చెప్పాడు. ఈ ఊళ్ళో ముందు చెప్పిందే మనిషి పేరు. అమ్మ ఈ ఊరి భాషలో తడుముకుంటూ, మాట మాటా అప్పజెప్పింది. నాన్న తల గోక్కున్నాడు.

టీచరు కంచం కింద పెట్టి, పిట్టకి ఎదురుగా నేల మీద కూర్చుంది. "మరి నిన్నేమని పిలవాలి?"

అమ్మ చెప్పబోయి, నోరు బిగించుకుంది, ఆకు ముడేసేటప్పటిలాగే.

పిట్ట తన పేరు చెప్పింది, ఈ ఊరి భాషలోనే, 'నా పేరు' అని మొదలుపెట్టి. టీచరు పలికింది. "అలా కాదు," అంది పిట్ట. టీచరు మళ్ళీ పలికింది. "కొంచెం సాగదీయాలి." మూడోసారి సరిగ్గా వచ్చింది.

"ఉన్నాను," అంది పిట్ట.

ఇక ఆగలేదు. బల్ల కింద ఎవరు బలపం తింటారో, టీచరు చెదపురుగులంటే ఎందుకు భయపడుతుందో, అన్నీ బయటికొచ్చాయి. టీ చల్లారిపోయింది. లేవబోతూ టీచరు, "వేరే బడి ఎందుకు? నాకు కాస్త నిశ్శబ్దం కావాలి, అంతే," అని అమ్మ భుజం తట్టింది.

ఆవిడ వెళ్ళాక అమ్మ వంటింట్లోకొచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఏ మాటా రాలేదు. కొబ్బరిపాలు తియ్యగా ఉన్నాయి, అంతే.