గులాబీ బొమ్మ కింద

మా నాన్న ఇజ్రాయేల్ కొత్త ఫైలు తెరిచిన పాపాన పోలేదు. అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో మా డీటీపీ షాపు. పెండ్లికార్డైనా, చర్చిలో పంచే పాటల కాగితమైనా, ఎప్పటిదో ఒక గులాబీ కార్డునే తెరిచి, అక్షరాలు మార్చి, ఇంకో పేరుతో దాచేవాడు. "ఉన్నది ఉండంగ కొత్తదెందుకే?" అనేవాడు. మొండిఘటం.

ఆయన పోయాక అమ్మకు ఒకటే కోరిక, ఆ గొంతు ఒక్కసారి వినాలని. చర్చి క్వయర్‌లో ఏళ్ల తరబడి పాడిన మనిషిది ఒక్క క్యాసెట్టూ మిగల్లేదు. ఉన్న ఒక్కదాని మీద మా మేనమామ సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. ఆయన్ని నేనింకా క్షమించలేదు.

అంతలో మా కార్డులు అచ్చేసే నాంపల్లి ప్రెస్సువాళ్లు మా మీదికొచ్చారు. మా ఫైళ్లు తెరిచాక వాళ్ల కంప్యూటర్లు పడకేశాయట. వైరస్‌లు పరిశీలించే రవికిరణ్‌ను పిలిస్తే, మా కంప్యూటర్, ఫ్లాపీలు, సీడీలు అన్నీ పట్టుకుపోయి, శనివారం తెచ్చాడు.

"అక్కా, గీ గులాబీ బొమ్మ కింద చుక్కంత చేసి ఒక ప్రోగ్రాం దాచిన్రు. బొమ్మ మీద నొక్కితే లేస్తది. మీరు గదే ఫైలు తిప్పి తిప్పి వాడిన్రు, అన్నిట్లకు పాకింది."

నాన్న మీద ఒళ్లు మండింది. అమ్మ మాత్రం, "ఇప్పుడు పోయినట్టేనా బిడ్డా?" అంది.

"మొత్తం సాఫ్ చేసినమ్మా. ఫైళ్లల్ల దాగినయన్నీ తీసేసిన. ఫ్లాపీలు కడిగిన, పాత సీడీలు విరగ్గొట్టిన, ప్రెస్సోళ్ల కాడున్నయి గూడ తుడిచేసిన. ఫికర్ లేదు."

టీ తాగుతూ అతనే మళ్లీ అన్నాడు. "గా బొమ్మ కిందనే ఇంకోటి గూడ ఉండె. అది ఖరాబుది కాదు, ఉత్త శబ్దం. ఎవరో పెద్దాయన మైకుల పాట పాడుతుండు. నడుమ ఆపి, 'సుగుణా, జర ఫ్యాన్ బంద్ చెయ్యవే' అన్నడు."

అమ్మ పేరు సుగుణమణి అని అతనికి తెలియదు.

క్వయర్ కోసం రాగం గుర్తుంచుకోవాలని నాన్న ఆ గులాబీ ఫైల్లోనే పాడి పెట్టుకున్నట్టున్నాడు. మాతో ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? ఇన్నాళ్లూ ప్రతి పెండ్లికార్డులోనూ ఆ గొంతు ఉంది. మేం పేర్లు మార్చుకుంటూ కూర్చున్నాం.

"అది ఉంచినవా బాబూ?" అని అడిగింది అమ్మ.

రవికిరణ్‌కు అప్పుడర్థమైంది. "లేదమ్మా. దాగినయన్నీ ఒక్కసారే తీసేస్తం, మా పద్ధతే గంత."

"ఏదీ మిగల్లేదా?" అని అరిచాను.

అతను తల వంచుకున్నాడు. "వైరస్ ఉందక్కా. మళ్ల చూసుకోనీకి దాని నమూనా తీసి పెట్టుకుంటం. అదొక్కటి భద్రంగ ఉంది."