ఆర్డిత్ కంచె తీగ

మంచుతుఫానుకి ఆర్డిత్ రేడియో స్తంభం కూలిందని తెలిసీ తెలియగానే డెల్మర్ ఫోన్ చేశాడు.

"వదినా, ఇక నువ్వు హాయిగా కూర్చో. నా టవర్ ఉందిగా! ఈ ఆదివారం నీ గొంతు వినపడకపోతే హాజరు నేనే పిలుస్తా."

"నా గొంతు సంగతి ఆదివారమే చూద్దువుగాని, మరిదీ," అని ఫోన్ పెట్టేసింది ఆర్డిత్.

అన్నదే గానీ లోపల భగ్గుమంది. ఆ ప్రెయిరీ గడ్డి మైదానంలో మైళ్ళ దూరాల పొలాల్లో విడివిడిగా బతికేవాళ్ళని, ఆదివారం పొద్దున్నే రేడియోలో పేరుపేరునా పిలిచి పలకరించే పని ఏళ్ళ తరబడి ఆమెదే. దాన్ని వదులుకుంటుందా?

కొట్టంలోంచి పాత అల్యూమినియం కంచె తీగ చుట్ట లాక్కొచ్చింది.

"దాంతో ఆవుల్నే ఆపలేకపోయాం, మాటలు పంపిస్తావా?" అన్నాడు మొగుడు ఓరెస్ట్.

"ఆవులు నీ మాట ఎప్పుడు విన్నాయిలే. నిచ్చెన పట్టుకో."

రేడియో మాటలు నడిచే దారులే బ్యాండ్లు; తీగ ఎంత పొడుగైతే అంత కింది బ్యాండు పలుకుతుంది. అందుకని బ్యాండుకో జత చొప్పున మూడు కొలతల్లో మూడు జతలు తీసి, నడుమ ఒకే కేబులుకి బోల్టులతో బిగించి, పోప్లర్ చెట్ల మధ్య కట్టింది. మీటరు చూస్తే తీగలు కాస్త పొడుగున్నాయి. ఓరెస్ట్ కటింగ్ ప్లేయర్ తీశాడు.

"కోశావంటే నీకు అన్నం పెట్టను! కోసింది మళ్ళీ అతుకుతుందా? కొసలు వెనక్కి మడిచి కట్టు."

ఆదివారం రానే వచ్చింది. ఎప్పటి బ్యాండు తెరిస్తే ఉత్త బుస. అది ఇలా మూగబోతే అందరూ కింది బ్యాండుకి దిగడం వాళ్ళ ఆనవాయితీ. ఆర్డిత్ దిగి పిలిచింది.

"వినపడుతున్నావమ్మా, పక్కింట్లో ఉన్నట్టుంది," అంది ముసలి పెట్రా. ఆర్డిత్‌కి ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కరే పలికారు. డెల్మర్ వంతు వచ్చింది. పిలిచింది. ఆగి, మళ్ళీ పిలిచింది. జవాబు లేదు.

హాజరు ముగిసీ ముగియగానే ఫోన్ మోగింది.

"వదినా, ఉన్నాను. వింటూనే ఉన్నా. నా టవర్ మీదున్న ఏరియల్ ఎప్పటి బ్యాండు ఒక్కదానికే. ఈ కింది బ్యాండులో వినడమే గానీ నా మాట పోదు."

"నా గొంతు వినపడిందా మరి?"

"వినపడింది," అన్నాడు.

ఆర్డిత్ పకపకా నవ్వింది. "తీగ ఇంకా మిగిలింది, నీకూ ఓ జత కట్టిస్తా, భోజనానికి రా. నీ కటింగ్ ప్లేయర్ మాత్రం ఇంట్లో పెట్టి రా."