తొంభై ఆరు

కనకలక్ష్మిని చంపింది కూతురు రాసిన ప్రోగ్రామే. బాలనర్సయ్యకు ఇందులో అనుమానం లేదు.

నానక్‌రామ్‌గూడలో ఒక టవర్ గేటు దగ్గర ఆయన సెక్యూరిటీ డ్యూటీ చేస్తాడు. భార్య పోయాక ఏడాదిగా కూతురితో మాటల్లేవు. ఆ పొద్దున నీహారిక గేటు ముందు షేర్ ఆటో దిగితే, ఆయన లేవకుండానే రిజిస్టర్ ముందుకు తోశాడు.

“పేరు, ఫోన్ నంబర్ రాయి. ఎవరిని కలవాలె?”

“నిన్నే నాయినా.”

“అదే రాయి. గడి ఖాళీగుండొద్దు.”

పక్క కుర్చీలో తోటి గార్డు మహేశ్ నవ్వాడు. “కన్నబిడ్డకు గూడ ఎంట్రీయేనా అన్నా? ఓటీపీ గూడ అడుగు.”

“నువ్వు గేటు తియ్యి. కారొచ్చింది.”

నీహారిక బయోమెడికల్ ఇంజినీర్. రెండేళ్లు పరిశోధనశాలలో పనిచేసి సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చింది. వేలికి తొడిగే చిన్న పరికరం ఒకటి, వేలిలోంచి వెలుతురు పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్‌లో చూపిస్తుంది. ఆ లెక్కంతా ఆమె రాసిందే. ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న తల్లికి గర్వంగా ఒకటి తెచ్చి తొడిగింది.

నిరుడు ఆషాఢం వెళ్లిపోతోందని కనకలక్ష్మి గోరింటాకు రుబ్బి వేళ్ల కొనలకు టోపీల్లా పెట్టుకుంది. మర్నాడు కడుక్కుని, నల్లగా పండిన వేలికే పరికరం తొడుక్కుంది. ఆ రంగులోంచి వెలుతురు సరిగా పోలేదు. కొలత అందనప్పుడు ఊరికే అలారం మోగి జనం గాబరాపడకూడదని, అంతకుముందు వచ్చిన అంకెనే చూపేలా నీహారిక రాసి పెట్టింది. ఆఫీసులో ముప్పై మంది వేళ్ల మీద పరీక్షించారు. ఒక్క వేలికీ గోరింటాకు లేదు.

ఫోన్ తొంభై ఆరు చూపింది, అంటే భయం లేదని. సాయంత్రం దాకా అదే చూపింది. దవాఖానకు చేరేసరికి కనకలక్ష్మి లేదు.

నీహారిక సంచిలోంచి తాను రాసిన రిపోర్టు కాగితాలు తీసింది. “అమ్మ రికార్డు వాడాలంటే నీ సంతకం కావాలె. లేకుంటే నెలాఖరుకు చెరిపేస్తరు. అది చూపియ్యకుంటే తప్పుందని కంపెనీ ఒప్పుకోదు. ఇంకా నాలుగు వేల మంది దాన్నే తొడుక్కుంటున్నరు నాయినా. ఆషాఢం మళ్లొచ్చింది.”

“ఈ రాతల నీ పేరు పడుతదా?”

“పడుతది.”

“మంచిగుంది. తల్లి సావు మీద పేరు సంపాయించు.”

ఆమె ఆ ఇంగ్లీషు కాగితాలు ఆయన ముందు పెట్టింది.

“ఏం రాసినవో తెలుగుల చెప్పు.”

ఆమె చూసి చెప్పింది. “సాఫ్ట్‌వేర్ పాత అంకెను చూపింది. దానివల్ల రోగిని ఆసుపత్రికి తరలించడం ఆలస్యమైంది.”

“సాఫ్ట్‌వేర్ ఆకాశంలకెంచి ఊడిపడ్డదా? పాత అంకె చూపుమని దానికి ఎవలు చెప్పిండ్రు?”

“నేనే.”

“గది రాయి.”

“రాస్తే నౌకరి పోవచ్చు.”

“పోనీ.”

నీహారిక పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. ఆ నిర్ణయం తనదేనని పైన రాసి, చదివి వినిపించింది.

“ఆలస్యం చేసిందెవలు?”

పెన్ను ఆగింది. “అది వద్దు నాయినా.”

“రాయి, మొగడు అని. ఊపిరాడుతలేదని నాలుగుసార్లు చెప్పింది. తొంభై ఆరుంది, ఏషాలెయ్యకు, పండుకో అన్న.”

ఈ మాట నీహారికకు ఇంతవరకు తెలియదు. మహేశ్ గేటు వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆమె రాయడం పూర్తయ్యేదాకా బాలనర్సయ్య చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కాగితం లాక్కుని, ఊరి బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. నీహారిక ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే నాయినా?”

“సంతకం దొరికింది గద, పో. మాఫ్ చేసిన అనుకోకు. ఈ ముచ్చట ఇగ నా ముంగట ఎత్తకు. నేను సచ్చినా మాట్లాడ.”