స్టిక్కర్లు అంటుకునేదాకా

తడి రబ్బరుకి స్టిక్కరు అంటుకోదు. ఈ ముక్క మా పార్టీ ఆఫీసులో ఒక్కడి బుర్రకీ ఎక్కలేదు. షెడ్డులో పడవలు గాలి నింపుకుని సిద్ధంగా ఉన్నాయి. కార్యకర్తలు వాటి చుట్టూ చేరి మా పార్టీ అధినేత పెద్దాయన బొమ్మ అతికించడం, అది జారితే తుడిచి మళ్ళీ అతికించడం, ఇదే పని. ఒకడైతే జనరేటరుతో ఫ్యాను తిప్పి పడవని ఆరబెడుతున్నాడు. బయట ఊరు మునుగుతోంది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మునుగుతున్న వార్డుకి నేను కౌన్సిలర్‌ని. పొద్దున్నే మా టైలరమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న ఆక్సిజన్ మీద బతుకుతున్న మనిషి. ఇంట్లోకి నీళ్ళొస్తే మేడ మీదికి మోసుకెళ్ళారు. “సిలిండరు ముల్లు ఎరుపు దగ్గరికొచ్చేసింది, పడవ పంపు” అంది. “ఇదిగో, వచ్చేస్తోంది” అన్నాను. ఆస్పత్రి నుంచి కొత్త సిలిండరు కూడా తెప్పించాను. మధ్యాహ్నమైనా అది షెడ్డు గుమ్మంలోనే ఉంది.

పార్టీ కార్యదర్శి మా అన్నయ్యే. గేటు తాళాలు అతని జేబులో ఉన్నాయి.

“బొమ్మ లేకుండా పడవ కదిలితే పెద్దాయన నా తోలు తీస్తారు. ఆయనొచ్చి జెండా ఊపాలి. దారిలో ఉన్నారు.”

“ఏ దారన్నయ్యా? దార్లన్నీ నీళ్ళలో ఉంటే!”

“నోరు తగ్గించు. నీకు టికెట్ ఇప్పించిందెవరు?”

“నువ్వే. ఓట్లేసింది మాత్రం వాళ్ళు.”

“ఆ వీధివాళ్ళు మనకే వేశారని ఏంటి నమ్మకం?”

అన్నయ్య మాటకి తల ఊపడమే ఇన్నాళ్ళూ నా రాజకీయం. ఈ మాటకి తల ఊగలేదు. అతని జేబులో చెయ్యి పెట్టి తాళాలు లాగాను. నా మణికట్టు పట్టుకున్నాడు. చిన్నప్పటిలాగే కొరికాను. స్టిక్కర్లు అతికించేవాళ్ళలో ఇద్దరిది మా వార్డే. నేను గేటు తీసేసరికి వాళ్ళు సిలిండరు పడవలో పెట్టి ఎత్తేశారు.

మేం వెళ్ళేసరికి ముసలాయన పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి మాత్రం ఉంది. సిలిండరు మార్చి, మెల్లగా పడవలోకి దించాం. అప్పుడే నా ఫోన్ మోగింది. నా రెండు చేతులూ సిలిండరు మీద ఉన్నాయి. టైలరమ్మే ఫోన్ తీసి స్పీకర్ నొక్కింది.

“నిన్ను పార్టీ నుంచి తీసేశారు” అని అరిచాడు అన్నయ్య. “ఆ పడవ పార్టీది. వెంటనే వెనక్కి తీసుకురా!”

“కావాలంటే ఈదుకుంటూ వచ్చి తీసుకెళ్ళు” అని టైలరమ్మ ఫోన్ పెట్టేసింది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. పడవ అంచున సగం ఊడి వేలాడుతున్న పెద్దాయన బొమ్మని పీకి నీళ్ళలో పారేసి, నా వైపు తిరిగింది.

“నువ్వేం సంబరపడకు. పొద్దున్నించీ ఎక్కడ చచ్చావు?”

తెడ్డు అందుకున్నాను.